చిలక లేని జోస్యం

గుడివాడ జంక్షన్ ప్లాట్‌ఫారం మీద ఎర్రదీపాలు గిర్రున తిరిగే బరువు యంత్రం ఒకటి ఉండేది. రూపాయి బిళ్ల వేస్తే గట్టి అట్టముక్క బయటపడుతుంది. దానికి ఒకవైపు మన బరువు, రెండోవైపు ఇంగ్లీషులో మన భవిష్యత్తు. బందరు పాసింజరు ఆలస్యమైన ఒక సాయంత్రం ఆ యంత్రమెక్కాను. కష్టకాలం తీరిపోయిందనీ, మంచి మార్పు రాబోతోందనీ అట్టముక్క చెప్పింది. ఒక్క కొలతను నమ్మడం నాకు అలవాటు లేదు కనుక మరో రూపాయి వేశాను. ఈసారి బరువు కిలో తగ్గింది. దగ్గరివాళ్లతో జాగ్రత్తగా ఉండమన్న హెచ్చరిక వచ్చింది. నిలబడిన చోటు నుంచి కదలకుండానే కిలో బరువునూ ఒక శుభయోగాన్నీ పోగొట్టుకున్నాను.

రెండింటినీ చెత్తబుట్టలో వేయబోతూ ఆగాను. మా వీధి ఎక్స్చేంజి అక్కయ్యగారైతే పారేయనిచ్చేవారు కారు. ఒక ముక్కను వేలితో నావైపు తోసి, ‘‘ఇది చదవగానే మీకు ముందు ఎవరు గుర్తొచ్చారండీ?’’ అని అడిగేవారు. అడిగి, ఎడమ చెవి నావైపు తిప్పి కూర్చునేవారు. ఆవిడ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ ప్రశ్నకు ప్లాట్‌ఫారం మీద నాకు దొరికిన జవాబు ఆవిడే.

ఎడమ చెవి సంగతి ముందు చెప్పాలి. మా గొడుగుపేట వీధిలో ఆవిడను అందరూ ఎక్స్చేంజి అక్కయ్యగారనేవారు. బందరు ట్రంకు ఎక్స్చేంజిలో ఆపరేటరు. ఎస్టీడీ బూత్‌లు రాకముందు పొరుగూరికి ఫోను చేయాలంటే నంబరు చెప్పి, ఎక్స్చేంజి వాళ్లు లైను కలిపేదాకా కాచుకోవాలి. ఆ కలిపేవాళ్లలో ఆవిడ ఒకరు. ఏళ్ల తరబడి హెడ్‌ఫోను నొక్కడం వల్ల ఎడమ చెవి పైన జుట్టు అణిగిపోయి, అక్కడ రెండో పాపిడి తీసినట్టుండేది. ఎవరు పలకరించినా ఆ చెవినే ముందుకు పెట్టేవారు. వినికిడి లోపమేమోనని నేను మొదట అనుకున్నాను. కాదు, మా పెరట్లో గుసగుసలాడుకున్నది కూడా ఆవిడకు వినిపించేది. విన్నదాన్ని మరొకరికి చేరవేశారని మాత్రం ఎవరూ అనగా వినలేదు.

ఆ ఉద్యోగం ఆవిడకు రెండు అలవాట్లు మిగిల్చింది. ఒకటి, ఎదుటి మనిషి అన్న మాటను ఉన్నదున్నట్టు తిరిగి అప్పజెప్పి నిర్ధారించుకోవడం. నంబరు తప్పు విన్నారో, బందరు మనిషి నెల్లూరులో ఎవరినో నిద్రలేపుతాడు. అందుకని నేర్చిన జాగ్రత్త అది. కూరగాయల బండి దగ్గరా అదే పద్ధతి.

‘‘‘కిలో ఆరు రూపాయలు, బేరం లేదు.’ అంతేనాండీ?’’

బండివాడు తల గోక్కునేవాడు. ‘‘మీరలా అప్పజెప్తంటే నా మాట నాకే అదోలా ఉంటందమ్మా. అయిదున్నర ఇయ్యండి.’’

రెండోది, మూడు నిమిషాలు. ట్రంకు కాల్‌కు లెక్క మూడేసి నిమిషాలు. ఏ సంభాషణ మధ్యనైనా మూడు నిమిషాలు కాగానే ఆవిడ ఒకసారి తలెత్తి చూసేవారు. గోడ గడియారంతో నేను సరిచూశాను. తేడా కొద్ది సెకన్లే.

ఇక పేకముక్కలు. విజయవాడలో పాత పుస్తకాలమ్మే పేవ్‌మెంటు మీద పెట్టె బాగుందని కొన్నారట. లోపల జోస్యానికి వాడే విదేశీ టారో కార్డులు. రాజులు, కత్తులు, కూలిపోతున్న బురుజు, గుర్రమెక్కిన అస్థిపంజరం. కొన్ని ముక్కలు లేవు. లేనివాటి స్థానంలో ఆవిడ పాత శుభలేఖల అట్టలను అదే కొలతకు కత్తిరించి, పెడన నుంచి తెచ్చిన కలంకారీ గుడ్డపేలికల మీది బొమ్మలు అంటించారు. ఒక పడవ, ఒక చేప, తీగ చివర విచ్చుకోని మొగ్గ. నీళ్లు ఆపే కాలువ లాకు బొమ్మ ఒకటి స్వయంగా గీశారు. అది చూసిన ప్రతివాళ్లూ ఉరికొయ్య అనుకునేవారు. ‘‘అనుకోనివ్వండి. అదీ పనికొస్తుంది,’’ అనేవారు ఆవిడ. కార్డులతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని నాకిచ్చేశారు. ‘‘మీరు ఉంచుకోండి మేష్టారూ. ఇందులో అన్నీ తెలిసినట్టు రాశారు.’’

సాయంత్రాలు వరండాలో చాప వేసుకుని కూర్చునేవారు. వచ్చినవాళ్లు కార్డులు కలిపి ఒకటి తీయాలి. అందులో ఏం కనిపిస్తోందో చెప్పాలి. ఆవిడ అప్పజెబుతారు. అంతే. దానికి వీధిలో ఆడవాళ్లు పెట్టిన పేరు ‘చిలక లేని జోస్యం’. పక్కింటి ఇల్లాలు ఒకసారి ఉండబట్టలేక అడగనే అడిగింది:

‘‘అక్కయ్యగారూ, అన్నీ బానే ఉన్నాయి గానీ మీ చిలకేదండీ?’’

‘‘ఇంకెక్కడండీ, ఎదురుగా కూచుని ముక్క తీసింది కదా!’’

ఆ ఇల్లాలు మూడు రోజులు అలిగి, నాలుగోనాడు మళ్లీ వచ్చింది.

నేను భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి. సెలవుల్లో ఊళ్లు తిరుగుతూ, నిమ్మకాయలోంచి రక్తం కారడం వెనుక ఏ రసాయనముందో, నిప్పుల మీద నడిచినా కాళ్లెందుకు కాలవో చేసి చూపించే బృందంలో ఒకణ్ణి. మా వీధిలోనే ఒకావిడ కార్డులు చెబుతున్నారంటే ఊరుకోవడం ధర్మం కాదనిపించింది. జోస్యగాళ్ల కిటుకు నాకు తెలుసు. ఎవరికైనా అతికే మాట ఒకటి విసురుతారు. ‘ఇంట్లో ఒకరి ఆరోగ్యం మిమ్మల్ని బాధిస్తోంది’ లాంటిది. విన్నవాడు తన ఇంట్లోని రోగిని వెతికి తెచ్చి ఆ మాటకు తగిలిస్తాడు. తప్పిన పది మాటలు మరిచి, తగిలిన ఒక్కటి గుర్తుంచుకుంటాడు. ఆవిడ చెప్పే జోస్యాలను రాసిపెట్టి, ఎన్ని ఫలించాయో లెక్క తీద్దామని వెళ్లాను. రాయడానికి ఒక్కటీ దొరకలేదు. జరగబోయేదాని గురించి ఆవిడ నోటి నుంచి ఏ మాటా రాలేదు.

అయినా వదలలేదు. ఒకే కార్డును రెండు మూడు వారాల ఎడంతో కావాలనే తీసి ముందు పెట్టాను. ఆవిడ ఒకసారి చెప్పినదానికీ మరోసారి చెప్పినదానికీ పొంతన లేకపోతే పట్టుకోవచ్చుననుకున్నాను. లాంతరు పట్టుకుని కొండ మీద నిలబడ్డ ముసలివాడి బొమ్మ అది. మొదటిసారి అతను దారి చూపిస్తున్నాడన్నాను. మరోసారి దారి తప్పాడన్నాను. ఆఖరుసారి, మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, ‘‘ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు’’ అన్నాను. పొంతన లేకుండా మాట్లాడిన మనిషి ఒకరున్న మాట నిజమే. ఆవిడ మాత్రం కాదు.

‘‘పరీక్ష అయిందాండీ?’’ అని అడిగారు, నవ్వకుండా.

తొంభైల నడుమ ఎక్స్చేంజిలో ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాయి. ఆపరేటర్ల బోర్డు తీసేశారు. ఆవిడను బిల్లుల కౌంటరుకు మార్చారు. ఆవిడతో పనిచేసినవాళ్లు కొందరు నెలల తరబడి మనుషుల్లో పడలేదు. ఆవిడ మాత్రం మర్నాటినుంచి వేళకు వెళ్లి వేళకు వచ్చేవారు. మార్పును ఇంత తేలిగ్గా తీసుకోవడం అరుదని నేను మెచ్చుకున్నాను.

‘‘తేలిగ్గానా! పొద్దున్నే ఒక ముక్క తీసి ముందు పెట్టుకుంటానండీ. మొదటిరోజు ఏం చెప్పుకున్నానో తెలుసా? ‘ఉద్యోగం ఎక్కడికీ పోలేదు, కుర్చీ మారిందంతే’ అని. వినడానికి బాగుంది కదా? పచ్చి అబద్ధం. నాలుగైదు వారాలు రోజూ అదే అప్పజెప్పుకున్నాను. ఒకరోజు చేప బొమ్మ వచ్చింది. దాన్ని చూసి, ‘ఆ గొంతులు వినపడకపోతే నాకు ఊపిరాడట్లేదు’ అన్నాను. గట్టిగా, వంటింట్లో, ఒక్కదాన్నే.’’

‘‘అప్పుడు?’’

‘‘అప్పుడేముందీ, కౌంటర్లో తలెత్తి జనంతో మాట్లాడ్డం మొదలెట్టాను. అప్పటిదాకా బిల్లులు తీసుకుని రసీదులిచ్చేదాన్నంతే. కార్డు ఏదైతేనేమండీ? రోజుకొక్కసారి ఒక బొమ్మ ముందు కూచుని నిజం చెప్పుకోవాలి. ఉత్తగోడ ముందు కూచుంటే తోచదు.’’

ఇది చేప చేసిన మహిమ కాదని నేను వెంటనే స్పష్టం చేశాను. ‘‘కాదు మరి,’’ అన్నారావిడ, నాకేదో పాఠం చెప్పాల్సిన పని తప్పినట్టు.

ఆవిడ ఎలాంటి మనిషో నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం మా బావ వచ్చిన రోజున.

మా అక్కను నాగాయలంక దగ్గరి ఊరికిచ్చారు. ఆ రోజుల్లో దివిసీమలో వరిచేలు రొయ్యల చెరువులవుతున్నాయి. బావ తన పొలంలో దిగువ చేను తవ్వించి ఉప్పునీళ్లు పెట్టాడు. మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది. తరువాతి రెండూ వైరస్ కొట్టి పోయాయి. రెండుసార్లూ ముహూర్తం పెట్టించుకునే చెరువులో రొయ్యపిల్లను వదిలాడు.

‘‘వైరస్ పంచాంగం చూసుకుని రాదు బావా,’’ అన్నాను.

‘‘తిథిలో తేడా లేదురా. గంటలో తేడా వచ్చింది. పిల్ల తెచ్చే వ్యాను పులిగడ్డ దగ్గర పంక్చరైంది. వర్జ్యంలో పడ్డాం.’’

ఇప్పుడు ఎగువ చేను కూడా తవ్విస్తానని కూర్చున్నాడు. ఇంటికి తిండిగింజలు, పశువులకు గడ్డి వచ్చేది ఆ ఒక్క చేలోనే. ఒకసారి ఉప్పునీళ్లు పెడితే అది మళ్లీ వరికి రావడం గగనం. దిగువ చేను మట్టి తెప్పించి, మా ప్రయోగశాలలో ఉప్పుశాతం కొలిచి, కాగితం మీద గీత గీసి చూపించాను. బావ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ‘‘ఉప్పో కాదో నోట్లో ఏసుకుంటే తెలీదేంట్రా? దీనికో గ్రాఫా?’’ మట్టి తవ్వే పొక్లెయిన్ మాట్లాడేశాడు. మర్నాడు పొద్దున్నే అది చేలో దిగుతుంది. ఈలోగా మా వీధిలో కార్డులు చెప్పే ఆవిడ ఉన్నారని విని, పిల్ల వదలడానికి సరైన గంట అడుగుదామని అక్కను వెంటబెట్టుకుని బందరు వచ్చాడు.

ఆయన మా ఇంట్లో భోంచేస్తుండగా అక్క నన్ను తీసుకుని ముందే ఆవిడ వంటింట్లోకి వెళ్లింది.

‘‘అమ్మా, ఒక్క సాయం చెయ్యండి. తవ్వితే నష్టమని కార్డులో వచ్చిందని చెప్పండి. ఇంకేం వద్దు. మా తమ్ముడు చెప్తే మా ఆయన వినడు, నేను చెప్తే వినడు. ఇట్టాంటివైతే ఇంటాడు.’’

శాస్త్రం చదివిన నాకు ఆ క్షణంలో ఆ అబద్ధం ఎంతో సమంజసంగా కనిపించింది. నిజం చెప్పి చూశాను, పనిచేయలేదు. ఆవిడ ఒప్పుకుంటే బాగుండునని మనసారా కోరుకున్నాను.

ఆవిడ స్టవ్ తగ్గించారు.

‘‘ఇరవయ్యేళ్లు బోర్డు మీద కూచున్నానమ్మా. అవతలివాళ్లు ఫోనెత్తకపోతే ‘ఎత్తట్లేదండీ’ అని చెప్పేదాన్ని. వాళ్ల బదులు నేనెప్పుడూ హలో అనలేదు.’’

‘‘కొంప నిలబడుద్దంటే కూడానా?’’

‘‘ఇవాళ నేను వద్దంటే మానేస్తారు. ఎల్లుండి ఇంకెవరో తవ్వమంటే తవ్వేస్తారు. అప్పుడేం చేస్తావు?’’

అక్క కళ్లనిండా నీళ్లు పెట్టుకుని బయటికొచ్చేసింది. ఆవిడ మీద నాకూ కోపం వచ్చింది. నియమానికి కట్టుబడటం గొప్పే. పోయేది మా అక్క అన్నంగిన్నె.

బావ వచ్చి చాప మీద కూర్చున్నాడు. కార్డులు చేతిలో పడగానే మొహం విప్పారింది. రమ్మీలో ఆరితేరిన చేతులాయనవి. ముక్కల్ని జలజలా కలిపాడు.

‘‘జోకరున్నాడాండీ ఇందులో?’’

‘‘ఉన్నాడండీ. ఇక్కడ మాత్రం దేని బదులూ వాడనివ్వను. ఒకటి తీయండి.’’

తీశాడు. సూర్యుడు. కార్డు సగం నిండా పసుప్పచ్చని సూర్యుడు.

‘‘చూశావటే!’’ బావ అక్కవైపు తిరిగాడు. ‘‘సాక్షాత్తూ సూర్యనారాయణమూర్తి! ఇంకేం కావాల? పొద్దు పొడవంగానే పని మొదలెట్టమనేగా?’’

అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆవిడ వంక చూశాను. ఇప్పుడైనా ఏదో ఒక వంక పెట్టి, ఈ సూర్యుడు ఎండగట్టేవాడనో మాడ్చేసేవాడనో అంటారని ఆశ. ఆవిడ ఎడమ చెవి ముందుకు వంచారు.

‘‘సూర్యుడేనండీ. కింద ఏముంది?’’

‘‘కిందా... గోడ. గోడ మీద పొద్దుతిరుగుడు పూలు. తెల్లగుర్రం మీద చంటోడు. గుడ్డల్లేవు.’’

‘‘ఏం చేస్తున్నాడు?’’

‘‘ఏం చేస్తాడు, నవ్వుతున్నాడు. ఊరంతా చూస్తున్నా సిగ్గులేదు ఎదవకి.’’

‘‘‘ఊరంతా చూస్తున్నా సిగ్గులేదు.’ అంతేనాండీ?’’

బావ నవ్వబోయి ఆగాడు. కార్డును మోకాలి మీద పెట్టుకున్నాడు. మళ్లీ ఆ చంటోడి వంక చూశాడు.

‘‘ఆడికి లేదు,’’ అన్నాడు చివరికి. ‘‘నాకుంది.’’

‘‘‘నాకుంది.’’’

‘‘ఉండదాండీ మరి? చచ్చిన రొయ్యని బుట్టల్తో ఎత్తి గట్టు మీద పోస్తంటే ఊరంతా ముక్కు మూసుకుని చూసింది. టీకొట్టు కాడికెళ్తే చాలు, ‘ఏం బావా, ఈసారి రొయ్యకి ఇంజక్షన్లు ఏయిస్తన్నావా?’ అంటారు. మొన్నటిదాకా నా ఎనకాల తిరిగినోళ్లేనండీ. ఎగువ చేనూ తవ్వి, ఒక్క పంట తీసి ఆ నోళ్లు మూయిస్తే గానీ...’’

‘‘‘ఎగువ చేను తవ్వి ఆ నోళ్లు మూయిస్తే గానీ.’ అంతేనాండీ?’’

అదే మాట, అదే వరుస. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నంబరు సరిచూసుకునే గొంతు అది. కానీ ఆ మాట బయటి నుంచి తన చెవిన పడేసరికి మా బావ ముఖంలో రంగు మారింది. అక్క ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. వీధిలో ఐసు బండి గంట వాయించుకుంటూ పోయింది.

‘‘మూడు నిమిషాలైందండీ,’’ అన్నారావిడ. ‘‘ఇంకో మూడు నిమిషాలు కావాలా?’’

‘‘వద్దండీ,’’ అన్నాడు బావ. కార్డును బోర్లించి ఇచ్చేశాడు. పిల్ల వదిలే గంట అడగడం మరిచిపోయాడు.

ఆ సాయంత్రం వాళ్లతో నేనూ బస్సెక్కాను. చల్లపల్లి దాటేదాకా అక్క సణుగుతూనే ఉంది: ‘‘ఒక్క ముక్క! ఒక్క ముక్క చెప్తే ఆవిడ సొమ్మేం పోద్ది?’’ బావ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున్నే పొక్లెయిన్ వచ్చింది. కాలువకు నీళ్లొదిలిన వారమది. ఎగువ చేను దుక్కి తడిసి నల్లగా ఉంది. డ్రైవరు యంత్రాన్ని అటే తిప్పాడు. బావ తువ్వాలు ఊపుకుంటూ అడ్డం వెళ్లాడు.

‘‘అటు కాదెహె! దిగువకి పోనియ్. ఆ రొయ్యల చెరువు గట్టు కొట్టు.’’

‘‘తవ్వమంది ఈ చేను కదండీ?’’

‘‘తవ్వమన్నోణ్ణీ నేనే, మానమన్నోణ్ణీ నేనే. కొట్టవయ్యా ముందు. నీళ్లు పోవాల.’’

గట్టు తెగింది. పాత ఉప్పునీళ్లు మురుగుకాలువలోకి దూకాయి. ఆ మీదట ఉప్పు కడిగేయడానికి కాలువ నీళ్లు పెట్టడం, నిలవగట్టడం, వదిలేయడం, మళ్లీ పెట్టడం. పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, ఎదిగాక అదే మట్టిలో కలియదున్నించాడు. టీకొట్టు వాళ్లు కొత్త హాస్యాలు తయారుచేశారు. బావ అక్కడికి వెళ్లి కూర్చుని విన్నాడు. మొదటి ఏడు దిగువ చేలో నాటిన వరి సగం ఎర్రబడి చచ్చిపోయింది. ‘‘ఈసారి నీ గ్రాఫేదో తీసుకురారా,’’ అని నాకు కబురు పెట్టాడు. ఏటా మట్టి కొలిచాను. ఉప్పు నెమ్మదిగా, మొండిగా దిగింది.

ఇందులో ఆవిడ పాత్ర ఎంత? నేను చెప్పగలిగింది తక్కువ. ఒక్క మనిషి, ఒక్క సందర్భం. పోల్చి చూడటానికి, ఆ వరండాకు వెళ్లని మరో బావ నాకు లేడు. అక్క కన్నీళ్లు, రెండు పంటల అలసట, బస్సు కిటికీలోంచి కనిపించిన దుక్కులు, ఏదైనా కారణం కావచ్చు. సూర్యుడి బొమ్మకు బదులు ఉరికొయ్యలాంటి ఆ లాకు వచ్చినా ఆయన ఆ మాటే అనేవాడని నా ఊహ, అదీ నిరూపించలేను. నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే. అబద్ధం చెప్పడం సులువైన చోట, దాన్ని చెప్పమని ఇద్దరం కోరిన చోట, పైగా ఎదుటి మనిషి నమ్మడానికి సిద్ధంగా చేతులు చాచిన చోట, ఆవిడ చెప్పలేదు. కొలతల్లో అంతటి నిజాయితీ ఉన్న మనుషులను నా వృత్తిలో నేను కొద్దిమందినే చూశాను.

దిగువ చేను చక్కగా పండిన ఏడు బావ బియ్యం బస్తా భుజానికెత్తుకుని నేరుగా ఆవిడ వరండాకే వచ్చాడు. ఆవిడ అప్పటికి ఉద్యోగ విరమణ చేసి ఇంటిపట్టునే ఉంటున్నారు. నేను వెనకాలే వెళ్లాను.

‘‘అమ్మా, మీరు చెప్పినట్టే చేశానండీ. పండింది,’’ అన్నాడు, బస్తా ఇంకా దించకుండానే.

‘‘నేనేం చెప్పానండీ?’’

అది వినయమనుకుని బావ నవ్వాడు. ‘‘అదేనండీ, ఆ రోజున... సూర్యుడొచ్చింది చూడండి, అప్పుడు మీరు...’’ అని ఆగాడు. కళ్లు చిట్లించి గుర్తుచేసుకోబోయాడు. ఆవిడ తొందరపెట్టలేదు. బస్తా బరువుకు ఆయన భుజం వంగుతోంది. నావైపు చూశాడు, సాక్ష్యమిమ్మన్నట్టు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

నెమ్మదిగా బస్తా దించాడు.

‘‘ఏం చెప్పలేదండీ,’’ అన్నాడు.

‘‘మరి ఎవరు చెప్పారు?’’

బావ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మొదటిసారి తన పేరు తానే చెప్పుకునే కొత్త అల్లుడిలా కాస్త సిగ్గుపడి, ‘‘నేనేనండీ,’’ అన్నాడు.